వెర్చెల్లి కోసం

టురిన్ నుంచి మిలాన్ వెళ్ళే రైలు కివాస్సో దాటాక రెండు పక్కలా నీళ్ళు మొదలవుతాయి. చదువు కోసం ఇటలీకి వచ్చిన మొదటి ఏడాది, మే నెలలో, ఆ దారిలో వెళ్తూ కిటికీలోంచి బయటికి చూశాను. గట్లు, గట్ల మధ్య మడుల్లో నిలిచిన నీళ్ళు, నీళ్ళలో కొంగలు. దూరంగా మంచు కప్పుకున్న ఆల్ప్స్ కొండలు లేకపోతే అది మా మండపేట పక్క ఊరే అనుకునేవాణ్ణి. వెంటనే నాన్నకి వీడియో కాల్ చేసి ఫోన్ కిటికీకి ఆనించి పట్టుకున్నాను.

"మే నెల్లో నాట్లేంట్రా?" అన్నాడు నాన్న.

నాట్లు కాదు నాన్నా, వెదజల్లుతారు. ఇక్కడ ఏడాదికి ఒకటే పంట. రాత్రుళ్ళు చలికి మొలక దెబ్బతినకుండా నీళ్ళు కట్టి కాపాడతారు అని తర్వాత తెలుసుకుని చెప్పాను. ఆ రోజు మాత్రం నాకేమీ తెలియదు. రైలు ఒక స్టేషన్లో ఆగింది. బోర్డు మీద వెర్చెల్లి అని రాసి ఉంది.

టురిన్లో నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి పెద్దావిడది ఆ ఊరే. ఆ సంగతి అప్పటిదాకా నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, "మీ దేశంలో వరి పండిస్తారని నాకు తెలీదు సిన్యోరా" అంటే, ఆవిడ చేస్తున్న పని ఆపేసి కుర్చీలో కూర్చుంది. వాళ్ళమ్మ చిన్న వయసులో మోందీనా. అంటే వరి చేలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కలుపు తీసే కూలి మనిషి. ఆ కూలీలు 1906లోనే సమ్మె కట్టి రోజుకి ఎనిమిది గంటల పని సాధించుకున్నారని గర్వంగా చెప్పింది. ఆ తర్వాత వేలు పైకెత్తి ఇంకో మాట చెప్పింది: "మా ఊరు ఏడుసార్లు ఇటలీ ఛాంపియన్."

ఫుట్‌బాల్లో అట. నలభై అయిదు వేల జనాభా ఉన్న ఊరు. మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ అంత. పెద్దావిడ కదా, ఊరి మీద ప్రేమకొద్దీ అంటోందనుకున్నాను. గదిలోకి వెళ్ళి వెతికితే అక్షరాలా నిజం. 1908, 1909, 1911, 1912, 1913, 1921, 1922. ఏడు జాతీయ టైటిళ్ళు. రోమ్ నగరంలోని రెండు పెద్ద క్లబ్బులు, రోమా, లాత్సియో, కలిపి ఈ రోజు వరకు గెలిచినవి ఐదే. ఆ రాత్రి మొదలైన ఆసక్తి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

క్లబ్బు పేరు ప్రో వెర్చెల్లి. 'ప్రో' అంటే లాటిన్‌లో 'కోసం'. వెర్చెల్లి కోసం. నాకు ఆ పేరంటే చాలా ఇష్టం. 1892లో పుట్టినప్పుడు అది వ్యాయామ సంఘం. కుర్రాళ్ళు కసరత్తు చేసేవాళ్ళు, కత్తిసాము నేర్చుకునేవాళ్ళు. అక్కడ మార్చెల్లో బెర్తినెత్తి అనే కుర్రాడు ఉండేవాడు. అతని చొరవతో 1903లో ఆ సంఘంలో ఫుట్‌బాల్ విభాగం మొదలైంది. ఈ బెర్తినెత్తి తర్వాత డాక్టర్ అయ్యాడు, కత్తిసాములో ఒలింపిక్స్‌కి వెళ్ళి 1908లో రజతం, 1924లో, 1928లో జట్టుతో స్వర్ణాలు తెచ్చాడు. ఆయన కొడుకు కూడా అదే ఆటలో ఒలింపిక్ ఛాంపియన్. ఒక్క ఇంట్లో ఇన్ని పతకాలు. అయినా వెర్చెల్లిలో ఆయన్ని ముందుగా తలుచుకునేది ఫుట్‌బాల్ తెచ్చిన మనిషిగానే.

1907లో కింది తరగతి పోటీ గెలిచి పైకి వచ్చారు. పై తరగతిలో ఆడిన మొదటి ఏడాదే, 1908లో, ఇటలీ ఛాంపియన్లు అయ్యారు. ఆ ఏడాది విదేశీ ఆటగాళ్ళను ఆడించకూడదని ఫెడరేషన్ రూల్ పెట్టడంతో జెనోవా, టొరినో, మిలాన్ లాంటి పెద్ద జట్లు తప్పుకున్నాయి. అందుకే గెలిచారని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. మరుసటి ఏడాదీ గెలిచారు, 1911 నుంచి వరసగా మూడేళ్ళూ గెలిచారు. అవన్నీ ఎవరో తప్పుకుంటే వచ్చినవి కావు.

అప్పట్లో మిగతా నగరాల్లో ఫుట్‌బాల్ అంటే ఇంగ్లీషు, స్విస్ వ్యాపారుల సరదా. వాళ్ళ దగ్గర నేర్చుకున్న స్థానికులు వాళ్ళ పక్కన ఆడేవాళ్ళు. వెర్చెల్లిలో అలా కాదు. జట్టు మొత్తం ఆ ఊరి కుర్రాళ్ళే. వ్యాయామ సంఘంలో పెరిగిన ఒళ్ళు కాబట్టి మ్యాచ్ చివరి పావుగంటలో అవతలి వాళ్ళు రొప్పుతుంటే వీళ్ళు ఇంకా పరిగెత్తేవాళ్ళు. మధ్య వరసలో గ్విదో ఆరా, జుసెప్పె మిలానో, పియెత్రో లియోనె. ఈ ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు అక్కడి పెద్దవాళ్ళు. "ఫుట్‌బాల్ సుకుమారుల ఆట కాదు" అన్న మాట ఆరా పేరు మీదే చెలామణిలో ఉంది. 1913 మే 1న టురిన్లో ఇటలీ జట్టు బెల్జియంతో ఆడింది. పదకొండు మందిలో తొమ్మిది మంది ప్రో వెర్చెల్లి వాళ్ళు. ఇటలీ 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోలూ ఆరాదే. దేశం జట్టులో తొమ్మిది మంది ఒకే చిన్న ఊరి వాళ్ళు! ఆ ఊళ్ళో ఆ రోజు మే డే సెలవు ఎలా గడిచి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

పై వరసలో 1910 లేదని గమనించారా? ఆ ఏడాది కథ పెద్దావిడ నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ గొంతు వణికింది, తను పుట్టకముందు జరిగినదైనా సరే.

ఆ ఏడాది లీగ్ చివర్లో ప్రో వెర్చెల్లి, ఇంటర్ సమానంగా నిలిచాయి. టైటిల్ ఎవరిదో తేల్చడానికి ఇంకో మ్యాచ్ ఆడాలి. మిలాన్ నగరపు క్లబ్బు ఇంటర్ అప్పటికి పుట్టి రెండేళ్ళే. ఫెడరేషన్ ఏప్రిల్ 24 తేదీ ఇచ్చింది. అదే రోజు వెర్చెల్లి ఆటగాళ్ళు కొందరు సైన్యం టోర్నమెంటులో ఆడాల్సి ఉంది. తేదీ మార్చమని అడిగారు. ఇంటర్ ఒప్పుకోలేదు, తేదీ మారలేదు. అప్పుడు వెర్చెల్లి వాళ్ళు మైదానంలోకి తమ నాలుగో జట్టుని పంపారు. అంటే పిల్లలు. పదిహేనేళ్ళ లోపు పిల్లలు.

ఇంటర్ 10-3తో గెలిచింది. అదే ఇంటర్ మొదటి టైటిల్.

అందరూ ఆ పది గురించే మాట్లాడతారు. పెద్దావిడకి మాత్రం మూడు ముఖ్యం. "పెద్దవాళ్ళ మీద మా పిల్లలు మూడు గోల్స్ కొట్టారు" అంటుంది. నాకూ అంతే అనిపిస్తుంది. తెల్ల చొక్కాలు మోకాళ్ళ దాకా వేలాడుతూ, ఊరి పరువు తమ మీద ఉందని తెలిసి, ఆ పిల్లలు బంతి వెనక ఎలా పరిగెత్తారో. ఆ నిరసనకి ఫెడరేషన్ క్లబ్బు మీద నిషేధం వేసింది. మే 15న ఇటలీ చరిత్రలోనే మొదటి అంతర్జాతీయ మ్యాచ్ మిలాన్‌లో ఫ్రాన్స్ మీద జరిగింది, 6-2తో గెలిచారు. దేశంలోనే మేటి ఆటగాళ్ళు వెర్చెల్లిలో ఉన్నారు, ఒక్కరూ ఆ జట్టులో లేరు. ఆ తర్వాత క్షమాభిక్ష వచ్చింది, తిరిగి వచ్చి మూడేళ్ళు వరసగా గెలిచారు. 1913 ఫైనల్లో లాత్సియో మీద 6-0.

ఈ గెలుపులు చూసి పక్క ఊళ్ళకి కూడా పట్టుదల వచ్చింది. పాతిక కిలోమీటర్ల దూరంలో కసాలె అనే ఊరుంది. అక్కడ రఫాయెలె జాఫె అనే బడి పంతులు తన పిల్లలతో 1909లో క్లబ్బు పెట్టాడు. వెర్చెల్లిది తెల్ల చొక్కా కాబట్టి వీళ్ళు నల్ల చొక్కా వేసుకుని గుండె మీద తెల్ల నక్షత్రం కుట్టుకున్నారు. ఐదేళ్ళకి, 1914లో, ఆ ఊరూ ఇటలీ ఛాంపియన్ అయింది. ఆ పంతులు యూదుడు. 1944లో ఆయన్ని పట్టుకుపోయి నాజీల ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు. కసాలె వెళ్ళినప్పుడు ఆ సంగతి తెలిసి, ఆ రోజు ఇంకేమీ చూడాలనిపించక తిరిగి వచ్చేశాను.

1914 వేసవిలో ప్రో వెర్చెల్లి ఓడెక్కి బ్రెజిల్ వెళ్ళి ఆడింది. టొరినో జట్టు కూడా అప్పుడు అక్కడే ఉంది. సావో పాలోలో కూలికీ నాలికీ వెళ్ళి స్థిరపడ్డ ఇటాలియన్లు తమ ఊళ్ళ ఆటగాళ్ళను చూసి ఉప్పొంగిపోయి, మనకీ ఒక క్లబ్బు ఉండాలని ఆ ఆగస్టులోనే పలెస్త్రా ఇతాలియా పెట్టుకున్నారు. ఈ రోజు ప్రపంచమంతా ఎరిగిన పాల్మెయిరాస్ అదే. ఊరు విడిచి వచ్చినవాడికి తన వాళ్ళ ఆట ఎదురుగా కనిపిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా కాలేజీ మైదానంలో ఆదివారం పూట మన వాళ్ళు క్రికెట్ ఆడుతుంటే నేను రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి.

తర్వాత యుద్ధం. కెప్టెన్ జుసెప్పె మిలానో తమ్ముడు ఫెలీచె కూడా ఆ ఛాంపియన్ జట్టులో ఆడినవాడే. 1915లో యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం ముగిశాక కొత్త కుర్రాళ్ళతో 1921, 1922 టైటిళ్ళు గెలిచారు. అవే ఆఖరివి.

ఎందుకు ఆఖరివి అని అడిగితే నేను ఒక్క పేరు చెప్తాను: విర్జీనియో రొసెత్తా. వెర్చెల్లిలో పుట్టిన డిఫెండర్, చదువుకున్న అకౌంటెంట్. 1923లో ఫియట్ కార్ల యజమానుల కుటుంబం టురిన్ క్లబ్బు యువెంతుస్‌ని చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది రొసెత్తా అక్కడికి వెళ్ళాడు, మాట్లాడుకున్న మొత్తం సుమారు 50,000 లీరాలు. ఆటకి డబ్బు తీసుకోకూడదన్న రోజులవి. పెద్ద గొడవైంది. అతను ఆడిన మ్యాచ్‌లు యువెంతుస్ ఓడిపోయినట్టు ఫెడరేషన్ తీర్పిచ్చింది. కానీ గండి పడ్డాక నీళ్ళు ఆగవు. 1926 కల్లా రూల్సే మారిపోయాయి. కార్లు చేసే నగరం, బ్యాంకులున్న నగరం ఎంతైనా ఇవ్వగలవు. వరి పండించే ఊరు ఎంత ఇవ్వగలదు? రొసెత్తా మీద నాకు కోపం లేదు. నేనూ ఊరు వదిలి వచ్చినవాణ్ణే. కానీ ఆ 50,000 లీరాల లెక్క చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

ఆ తర్వాత కూడా ఆ ఊరు ఒక గొప్ప ఆటగాణ్ణి ఇచ్చింది. సిల్వియో పియోలా. పుట్టింది దగ్గర్లోని రొబ్బియోలో, పెరిగింది వెర్చెల్లిలో. పదహారేళ్ళకే, 1930లో, తెల్ల చొక్కా వేసుకున్నాడు. 1933 అక్టోబర్ 29న ఫియొరెంతీనా మీద 7-2తో గెలిచిన మ్యాచ్‌లో ఒక్కడే ఆరు గోల్స్ కొట్టాడు. పెద్దావిడ వాళ్ళ నాన్న చిన్నవాడుగా ఆ మ్యాచ్ చూశాడట. ఆరో గోల్ తర్వాత పక్కనున్న ముసలాయన టోపీ తీసి మైదానంలోకి విసిరేసి, మళ్ళీ తెచ్చుకోలేదని చెప్పేవాడట. మరుసటి ఏడాదే పియోలా లాత్సియోకి వెళ్ళిపోయాడు. అతను లేని మొదటి సీజన్, 1934-35లో, ప్రో వెర్చెల్లి ఆఖరి స్థానంలో నిలిచి కింది డివిజన్‌కి దిగిపోయింది. మళ్ళీ ఇప్పటిదాకా పైకి రాలేదు. పియోలా 1938 ప్రపంచ కప్ ఫైనల్లో హంగరీ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఇటలీ పై డివిజన్‌లో అతని 274 గోల్స్ రికార్డు ఇంకా చెక్కు చెదరలేదు. వెర్చెల్లి స్టేడియంకి అతని పేరే. పక్కనున్న నొవారా స్టేడియంకి కూడా అతని పేరే, చివరి ఏళ్ళలో అక్కడ ఆడాడు కాబట్టి. ఆ రెండు ఊళ్ళూ ఫుట్‌బాల్లో బద్ధ శత్రువులు.

తర్వాతి దశాబ్దాలు తొందరగా చెప్పేస్తాను. 1948లో రెండో డివిజన్ నుంచి కూడా జారిపోయి, మూడులో, నాలుగులో, ఇంకా కింద తిరిగారు. 2010లో పాత క్లబ్బు డబ్బు లేక మూతపడింది. అదే ఊళ్ళోని ఇంకో క్లబ్బు ఆ పేరునీ తెల్ల చొక్కానీ తీసుకుని నిలబెట్టింది. రెండేళ్ళకి, 2012లో, కార్పి జట్టుని ఓడించి రెండో డివిజన్‌కి చేరారు. 64 ఏళ్ళ తర్వాత! మధ్యలో ఒక ఏడాది తప్ప అక్కడే ఉండి, 2018లో మళ్ళీ మూడో డివిజన్‌కి వచ్చారు.

పోయిన డిసెంబర్‌లో మ్యాచ్‌కి వెళ్ళాను. పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. తన తెల్ల మఫ్లర్ నా మెడకి తనే చుట్టి పంపింది. వరి చేల మీంచి వచ్చే పొగమంచు ఆ ఊళ్ళో చాలా దట్టంగా ఉంటుంది. నేను కూర్చున్న చోటి నుంచి అవతలి గోల్ సరిగా కనిపించలేదు. అటు గోల్ పడితే అటు పక్క జనం అరుపుని బట్టి తెలిసింది. గీత పక్కన బంతులందించే పిల్లలు పన్నెండేళ్ళ వాళ్ళు, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటున్నారు. నాకు 1910 పిల్లలే గుర్తొచ్చి వాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

స్టేషన్ నుంచి ఫోన్ చేశాను.

"గెలిచామా?" అంది.

"డ్రా సిన్యోరా. ఒకటి ఒకటి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "మన ఊరి పిల్లలెవరైనా ఆడారా?"

జేబులో ఉన్న కాగితం తీసి లైటు కింద పేర్లు, పుట్టిన ఊళ్ళు చూశాను. "ఒకడున్నాడు. చివరి పావుగంటకి దింపారు."

"బాగా ఆడాడా?"

"బంతి రెండుసార్లే దొరికింది. కానీ బాగా పరిగెత్తాడు సిన్యోరా. ఆఖరి దాకా పరిగెత్తుతూనే ఉన్నాడు."

"పేరు మళ్ళీ చెప్పు," అంది. "రాసుకుంటాను."