పట్టికకు ముందున్న పేజీలు

నేర గణాంకాల పేపరుకు సమీక్షా వ్యాసం ఇవ్వాల్సి ఉన్నందున ఈ రోజంతా లైబ్రరీలో, జాతీయ నేర రికార్డుల బ్యూరో వెలువరించిన 2016 నాటి ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదికతోనే గడిచింది. మా క్లాసులో చాలామంది నేరుగా రాష్ట్రాల వారీ పట్టికలు తెరుస్తారు. నేను ఈసారి గణాంకాల పరిమితులను వివరించే పేజీలతో మొదలుపెట్టాను. నేరాలు పెరగడం వేరు, పోలీసులు నమోదు చేసే కేసులు పెరగడం వేరు అని బ్యూరోయే హెచ్చరిస్తుంది. పత్రికల శీర్షికల దాకా ఆ హెచ్చరిక ఎందుకో చేరదు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా వాటిలో అత్యంత తీవ్రమైనదాన్నే లెక్కిస్తారన్న నియమమూ అక్కడే ఉంది. ఇంట్లో చొరబడి నగలు ఎత్తుకుపోతూ అడ్డొచ్చిన మనిషిని చంపితే, ఆ ఘటన హత్యల గడిలో చేరుతుందే తప్ప దొంగతనాల గడిలో కనిపించదు.

ఆ తరువాతే కేరళ వరుస దగ్గరికి వచ్చాను. ఆ ఏడాది లక్ష జనాభాకు ఐపీసీ నేరాల రేటు దేశం మొత్తం మీద దాదాపు 233 ఉండగా, కేరళలో 727 దాటింది. అయితే అదే రాష్ట్రంలో హత్యల రేటు జాతీయ సగటులో సగం కూడా లేదు. చిన్న కొట్లాటనో దొంగతనాన్నో నమోదు చేయకుండా సర్దిచెప్పి పంపవచ్చు గానీ, శవం దొరికాక హత్యను దాచడం అంత తేలిక కాదు. కాబట్టి ఆ పెద్ద అంకెలో నేరాల కంటే నమోదు వాటాయే ఎక్కువై ఉంటుందని అనుమానించడానికి ఆధారం ఉంది.

మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నప్పుడు అసలు చిక్కు ఎదురైంది. కేరళ నేరమయమని రాయకూడదని తెలుస్తూనే ఉంది. కానీ దాన్ని తిరగేసి, అక్కడి పోలీసులే దేశంలో అందరికంటే నిజాయితీపరులని రాయడానికీ ఈ పట్టికలో సాక్ష్యం లేదు. ప్రచారంలో ఉన్న మాటను ఖండించామన్న ఉత్సాహంలో ఈ రెండో వాక్యమే కలం నుంచి సులువుగా జారుతుంది. చివరికి రెండు రేట్లనూ పక్కపక్కన పెట్టి, నమోదులో తేడా ఒక బలమైన కారణం కావచ్చునని రాశాను. అది తేలాలంటే ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి నిర్వహిస్తున్నట్లు, ఫిర్యాదు చేశారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ప్రజలనే నేరుగా అడిగే సర్వే కావాలని మరో వాక్యం చేర్చాను.