తీసేసిన నాలుగో అధ్యాయం

నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయమంటూ ఒకటి ఉంది కానీ, నేను రాయాలనుకున్నది అది కాదు. తెలంగాణ చెరువుల కింద నీటి పంపకంపై పరిశోధన మొదలుపెట్టినప్పుడు, తూము ఎత్తి దించే నీరడికి ఆ సేవకు ప్రతిగా ఏ భూమి ఉండేది, అది తర్వాత ఎవరి పేరు మీదికి ఎలా మారింది అన్నదే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న. దానికి కావలసిన ఆధారాలు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారంలో, నిజాం కాలపు ఉర్దూ దస్త్రాలలో ఉన్నాయి. అవి గుమాస్తాలు వేగంగా రాసే షికస్తా లిపిలో ఉంటాయి. అందులో నుక్తాలను, అంటే అక్షరాలను వేరుచేసే చుక్కలను, చాలాచోట్ల వదిలేస్తారు, విడిగా ఉండవలసిన అక్షరాలను కలిపేస్తారు. పదం ముందే తెలిస్తే తప్ప చదవలేము, చదివితే తప్ప పదం తెలియదు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ఇంటికి రెండేళ్లపాటు ఆదివారాలు వెళ్లి ఆ లిపిని కొంత పట్టుకున్నాను.

ఇంతలో 2018 జూలైలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీ కొత్త నిబంధనలు వచ్చాయి. 2021 జూలై 1 నుంచి విశ్వవిద్యాలయాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి అన్నారు. నాకు జాతీయ స్థాయి అధ్యాపక అర్హత పరీక్ష నెట్ ఉంది కానీ, పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రాలేదు. పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేస్తున్న నాకు ఆ తేదీ గోడ మీది క్యాలెండర్‌లో కాక గుండెల మీద కూర్చుంది. "ముందు డిగ్రీ చేతికి రానివ్వమ్మా, అధ్యాయం ఎక్కడికీ పారిపోదు," అన్నారు మా గైడ్ గారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఆర్కైవ్స్ తలుపులు మూతపడిన తర్వాత వాదించడానికి నా దగ్గర కూడా ఏమీ మిగలలేదు. నీరడి భూముల అధ్యాయాన్ని తీసేసి, అచ్చైన గెజిటీర్ల (ప్రాంతాల వివరాలిచ్చే ప్రభుత్వ గ్రంథాల) ఆధారంగా మరొకటి రాసి పెట్టి, 2021 జూన్‌లో ఆన్‌లైన్‌లో వైవా (మౌఖిక పరీక్ష) ముగించాను. ఆ గ్రంథంలో కొరత ఎక్కడుందో పరీక్షకుడు సరిగ్గా పట్టుకున్నాడు. నేనేదో సమాధానం చెప్పాను.

అదే ఏడాది అక్టోబరులో పీహెచ్‌డీ తప్పనిసరి అన్న ఆ నిబంధనను 2023 జూలై 1కి వాయిదా వేశారు. ఆ గడువుకు ఒక్కరోజు ముందు, 2023 జూన్ 30న, నెట్ గానీ, రాష్ట్ర స్థాయి పరీక్షలైన సెట్ గానీ స్లెట్ గానీ ఉంటే చాలునని, పీహెచ్‌డీ ఐచ్ఛికమని మరో ప్రకటన ఇచ్చారు. ఈ సడలింపు అన్యాయమని నేను అనను. పిల్లలు పుట్టాక పరిశోధన మధ్యలో ఆపేసిన నా స్నేహితురాలికి దానివల్లనే మళ్లీ అర్హత వచ్చింది. నా ఫిర్యాదల్లా ఒక్కటే: ఒక పరిశోధనకు ఐదారేళ్లు పడుతున్నప్పుడు, దానికి సంబంధించిన నియమం మాత్రం రెండేళ్లకొకసారి మారుతూ ఉంటే, ఆ నియమాన్ని నమ్మి పని కుదించుకున్నవాళ్లు పోగొట్టుకున్నది ఏ లెక్కలోకీ రాదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. అప్పట్లో గ్రంథం సమర్పించాలంటే పత్రికలో ఒక వ్యాసమైనా అచ్చు కావాలి. 2017లో నేను డబ్బు కట్టి ఒక పత్రికలో వ్యాసం వేయించుకున్నాను. పంపిన తొమ్మిదో రోజే ఆమోదం వచ్చింది, అది చూసైనా నాకు అనుమానం రావలసింది. మరుసటి ఏడాది మేలో యూజీసీ తన ఆమోదిత పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించినప్పుడు అందులో అదీ పోయింది. ఆ వ్యాసాన్ని నా బయోడేటాలోంచి తీసేయడానికి మాత్రం ఇంకో మూడేళ్లు పట్టింది.

శాశ్వత ఉద్యోగాల రెగ్యులర్ నోటిఫికేషన్ సంగతి ఎక్కువ చెప్పను. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022 సెప్టెంబరులో శాసనసభ దాటింది, ఆ తర్వాత గవర్నర్ దగ్గర నెలల తరబడి ఆగింది. అతిథి అధ్యాపకులకు పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 ఇవ్వవచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. నాకు అందులో సగం కూడా రాదు, వేసవిలో అదీ ఉండదు. ఆ లోటు పూడ్చుకోవడానికి చాలాకాలం మూడు కాలేజీల మధ్య బస్సులు మారుతూ తిరిగాను. పోయిన ఏడాది మూడో కాలేజీ వదిలేశాను. ఇంట్లో దీనిపై వారం రోజులు మాటలు లేవు.

పీహెచ్‌డీలో చేరమంటారా అని ఎంఏ పిల్లలు అడిగితే, ముప్పై ఏళ్లు నిండేలోపు జేఆర్ఎఫ్ కోసం గట్టిగా చదవండి, నెలకు 37,000 రూపాయలు వస్తే పాఠాల కోసం పరుగెత్తకుండా పరిశోధన చేసుకోవచ్చు అని చెబుతున్నాను. ఏ అధ్యాయం తీసేయమంటే మీకు ఏడుపొస్తుందో దాన్ని ముందు రాయండి అని కూడా చెబుతున్నాను. ఈ రెండో మాట విన్నప్పుడు వాళ్లు మర్యాదగా నవ్వుతారు.

జీతం లేని ఈ వేసవిలో మళ్లీ తార్నాక వెళ్తున్నాను. లిపి చాలావరకు మరిచిపోయాను, నేర్పిన మాస్టారు ఇప్పుడు లేరు. మొన్న ఒక దస్త్రంలో నుక్తాలు లేని ఒక పదం దగ్గర పొద్దున్నుంచీ ఆగిపోయి, భోజనం తర్వాత అదే పదం నాలుగు పంక్తుల కింద నుక్తాలతో సహా కనబడితే, అది 'నీరడి' అని తెలిసింది. సాయంత్రం దస్త్రం వెనక్కి ఇచ్చేసరికి నాకు తేలినవి పదకొండు పంక్తులు.