రామయ్య కొడుకా, లక్ష్మీనరసయ్య కొడుకా?

మా వంశవృక్షానికి ఆధారం రెండు కాగితాలు. ఆ రెండూ ఒక మనిషి దగ్గర పేచీ పడతాయి. చిన్నతాతగారు రాసిపెట్టిన నోటు పుస్తకంలో వెంకటసుబ్బయ్యగారి తండ్రి లక్ష్మీనరసయ్య. గయలో పిండప్రదానాలు చేయించే పండా భద్రపరిచిన బహీలోంచి, అంటే యాత్రికుల వంశాల పేర్లు రాసుకునే పుస్తకంలోంచి, బాబాయి ఫోటో తీసుకొచ్చిన పుటలో అదే వెంకటసుబ్బయ్య, అదే ఊరు, తండ్రి మాత్రం రామయ్య. ఆ పుట మీద విక్రమ శకం 1941 అని ఉంది, అంటే 1884. నోటు పుస్తకంలో ఆయన పుట్టింది ‘ప్లవంగ’ సంవత్సరమని ఉంటే, పక్కన ఎవరో పెన్సిలుతో 1787 అని వేశారు. అలాగైతే గయ వెళ్లేనాటికి ఆయనకు తొంభై ఏడేళ్లు! అందుకే బాబాయి ఇద్దరు వెంకటసుబ్బయ్యలున్నారని తేల్చేశాడు. తాత పేరు మనవడికి పెట్టే ఇల్లు కనుక ఆ మాటను కొట్టిపారేయలేం. కానీ అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే సంవత్సరానికి పెన్సిలు పట్టుకున్నవాడు ఏ శతాబ్దాన్నైనా అంటించగలడు.

మా పూర్వుల ఊరు పొన్నేరి తాలూకాలోది, పాత చెంగల్పట్టు జిల్లా. అక్కడ కొద్దిపాటి ఇనాం భూమి, అంటే పాలకులు పన్ను మినహాయించో తగ్గించో ఇచ్చిన నేల, ఉండేదన్నది ఇంట్లో అందరికీ తెలుసు. ఇనాం ఉంటే ఇనాం రిజిస్టరు ఉండాలి. ఆ ఆశతోనే విజయవాడలో మద్రాసు రైలెక్కాను. సూళ్లూరుపేట దాటాక నేల చదునుగా, ఉప్పుగాలితో మారిపోయింది. కాసేపటికి పొన్నేరి స్టేషను బోర్డు కిటికీలోంచి వెనక్కి వెళ్లిపోయింది. మా ఊరివైపు నేను చూసింది ఆ బోర్డే.

ఎగ్మూరు రైల్వే స్టేషను ఎదురు రోడ్డులోనే తమిళనాడు ప్రభుత్వ పురాలేఖాగారం ఉంది. 1909లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. 1670ల నాటి ఈస్టిండియా కంపెనీ కాగితాలు కూడా ఇందులో ఉన్నాయి. అలాంటి చోట మా పూర్వుడి తండ్రి పేరు కావాలని దరఖాస్తు రాయడానికి కొంచెం మొహమాటం వేసింది. లోపలికి వెళ్లాక అది పోయింది. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన గుడి మాన్యం కేసు కోసం వచ్చిన వకీలు గుమాస్తా. తెలుగాయనే. నా కథ విని, “పేర్లు తరువాత చూడండి సార్, ముందు వయసు గడి చూడండి” అన్నారు. ఆ రోజంతటిలో పనికొచ్చిన సలహా అదొక్కటే.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో మొదలైంది. వారసులు లేకపోతే ఇనాం భూమి తిరిగి ప్రభుత్వానికి చేరాలి. ఆ హక్కును వదులుకుంటాం, బదులుగా ఏటా క్విట్‌రెంటు అనే కొద్దిపాటి పన్ను కట్టండి, భూమి మీదే అని టైటిల్ డీడు ఇచ్చేవారు. అందుకని మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరనుభవిస్తున్నారు, వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని గడులు గీసి మరీ అడిగారు. మన ముచ్చట కోసం కాదు, పన్ను కోసం. అందుకే వంశావళి వెతికేవారికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకదంటాను. ఇంట్లో రాసుకున్న చరిత్రలో ఎవరూ ఎవరినీ నిలదీయరు కదా.

రిజిస్టరు వచ్చింది. అంచులు పెళుసెక్కిన కాగితం, గోధుమరంగుకు దిగిన సిరా, ఇంగ్లీషు గొలుసుకట్టు రాత. మా ఊరు దొరికింది, ఇనాం దొరికింది. 1861 నాటి నమోదు: వెంకటసుబ్బయ్య, వయసు పద్నాలుగు, మైనరు, కీర్తిశేషులు లక్ష్మీనరసయ్యకు దత్తపుత్రుడు, సంరక్షకురాలు ఆయన భార్య. 1861లోంచి పద్నాలుగు తీస్తే 1847. అదీ ప్లవంగే! పెన్సిలు అంకె అక్కడితో చెల్లిపోయింది. గయ వెళ్లినది ముప్పై ఏడేళ్ల మనిషే, అదే మనిషే. దత్తత సంగతి మాత్రం మా నోటు పుస్తకంలో ఎక్కడా లేదు.

మరి రామయ్య ఎవరు? కన్నతండ్రి అనుకోవడానికి మనసు తొందరపడింది, కానీ రిజిస్టరు ఆ మాట చెప్పదు. పెంచిన తండ్రి వరకే దానికి పని.

సాయంత్రం పశ్చిమ మాంబళంలో మేనత్త ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. తద్దినంలో మూడు తరాల పేర్లే చెబుతారు కనుక ఈ పేర్లు ఆవిడ ఎరగదు. దత్తత అనగానే మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“ఒరే నాన్నా, అయితే హరితస గోత్రం అందుకనేనన్నమాట!”

మాది కౌండిన్యస గోత్రం. అత్తయ్యకు మొదట కుదిరిన సంబంధం హరితస గోత్రం వాళ్లది. అబ్బాయి నచ్చాడు, ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకున్నారు. ఆఖర్న మా తాతగారు గోత్రం విని వద్దన్నారట. వేరే గోత్రమే కదా అని నానమ్మ ఏడ్చినా వినలేదు. “మనకు హరితస పనికిరాదు, మా నాన్న చెప్పాడు” అన్నారంతే. దత్తు వెళ్లినవాడికి పెంచినింటి గోత్రం వస్తుంది, పెళ్లి దగ్గర మాత్రం కన్నవారి గోత్రమూ వర్జ్యమే. వాడి సంతతి కూడా ఆ పట్టింపు పాటిస్తుంది. దత్తత మాట ఇంట్లో మాసిపోయినా నిషేధం మిగిలింది. దానివల్ల సంబంధం పోగొట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, నాకు రిజిస్టరు కంటే అదే గట్టి సాక్ష్యంగా తోచింది.

కాగితం మీద వెంకటసుబ్బయ్యగారి పైన రెండు గీతలు గీసి చూపించాను. లక్ష్మీనరసయ్యకు నిండు గీత, రామయ్యకు చుక్కల గీత.

“కన్నవాడికా చుక్కలు?” అంది అత్తయ్య.

“ఇంకా రుజువు కాలేదు అత్తయ్యా.”

గయ పుటలో రామయ్య పేరు పక్కన గోత్రం కూడా రాసి ఉంటే తేలిపోతుంది. బాబాయి తీసిన ఫోటోలో ఎడమ అంచు తెగిపోయింది. ఫోను చేసి అడిగితే ఆయన ఇప్పటికీ ఇద్దరు వెంకటసుబ్బయ్యలనే అంటున్నాడు. అయినా వచ్చే పితృపక్షానికి గయ ప్రయాణం పెట్టుకున్నాడట. ఈసారి పుట మొత్తం, దాని ముందు పుటా వెనక పుటా కూడా ఫోటో తీయమన్నాను.