పావు పైసకూ పద్దు రాసిన మా సార్

మన సాయంకాలపు కళాశాలలో ఎనభైలలో బి.కాం. చదివిన వారికి అకౌంటెన్సీ సార్ అనగానే ఒక్కరే గుర్తుకు వస్తారు. పగలంతా బాలానగర్‌లో ఒక కర్మాగారంలో లెక్కలు చూసి, రెండు బస్సులు మారి, ఆరు గంటలకు గంట కొట్టేసరికి ఆయన మా తరగతి గుమ్మంలో నిలబడి ఉండేవారు. చొక్కా ఇస్త్రీ నలిగేది గానీ బూట్ల మెరుపు తగ్గేది కాదు. నేను 1986 నుంచి 1989 వరకు ఆయన దగ్గర చదువుకున్నాను. నిరుడు ఆయన కన్నుమూశారని తెలిసిన నాటి నుంచి, ఆయన గురించి నాకు తెలిసినది మన సంచికలో రాసి పెట్టాలన్న కోరిక నన్ను వదలలేదు.

సార్ తండ్రిగారు బేగంబజారులో ఒక టోకు కిరాణా దుకాణంలో గుమాస్తా. తండ్రి పక్కన గోనెపట్టా మీద కూర్చుని, రోజువారీ చిట్టాలోని పద్దులను ఖాతాలవారీ పుస్తకమైన ఆవర్జాలోకి ఎక్కించడం ఆయన పసితనంలోనే నేర్చుకున్నారు. నిజాం రాజ్యపు డబ్బైన హాలీ సిక్కా అప్పటికింకా జనం చేతుల్లో ఆడుతూనే ఉంది. ఆరు కల్దార్ (భారత ప్రభుత్వ) రూపాయలకు ఏడు హాలీ రూపాయల లెక్కన మార్చడం ఆ పిల్లవాడికి ఎక్కాలంత సులువుగా వచ్చింది. ఆయనకు పన్నెండో ఏట తండ్రి పోయారు. చదువు రాత్రిబడికి మారింది, పగలు అదే దుకాణంలో అదే గోనెపట్టా మీద కొడుకు కూర్చున్నాడు.

మరుసటి సంవత్సరం, 1957 ఏప్రిల్ 1న, నయా పైసలు వచ్చాయి. దీని గురించి ఆయన మాకు ఒక పూర్తి తరగతి చెప్పారు. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయా పైసలు వచ్చినప్పుడు అణాకు ఆరుంబావు నయా పైసలు అవుతాయి గానీ, పావు పైస నాణెం లేదు. అందుచేత మార్పిడి పట్టికలో ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని వేశారు. అణా సరుకును నాలుగుసార్లు కొన్నవాడు 24 పైసలే ఇస్తాడు, దుకాణదారుకు ఒక పైస నష్టం. మూడణాల సరుకును నాలుగుసార్లు కొన్నవాడు 75కు బదులు 76 ఇచ్చుకుంటాడు, నష్టం అతనిది. సార్ ఈ అంకెలన్నీ నల్లబల్ల మీద వేసి, వెనక్కి తిరిగి, "ఆ పావు పైస ఎవరి జేబులోకి పోయింది నాయనా? అది అడగడమే అకౌంటెన్సీ" అన్నారు. జంటపద్దు విధానం గురించి తరువాత ఎన్నో పుస్తకాలు చదివాను గానీ, ప్రతి జమకూ ఎదురుగా ఒక ఖర్చు ఎందుకు ఉండాలో నాకు బోధపడినది ఆ రోజే.

1962లో చైనా దాడి జరిగినప్పుడు ఆయన మెట్రిక్ పూర్తిచేసి ఉన్నారు. సైన్యంలో చేరి, సికింద్రాబాదులోని ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ కేంద్రంలో శిక్షణ పొంది, స్టోర్స్ గుమాస్తా అయ్యారు. పదిహేనేళ్లు పనిచేశారు, రెండు యుద్ధాలు చూశారు. తుపాకుల కథలు చెప్పమని మేము ఎంత అడిగినా ఆయన నోట వచ్చేవి బూట్లు, కంబళ్లు, సరుకు ఇచ్చినట్టు రాసే ఇష్యూ వోచర్లు. 1971 డిసెంబరులో ఆయన త్రిపురలో ఉన్నారు. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. బందీలైనవారు దాదాపు 93,000 మంది. వారికి కప్పుకోవడానికి ఇచ్చిన కంబళ్లకు కూడా సంతకాలు తీసుకుని పద్దు రాశామని చెబుతూ, "శత్రువుకు ఇచ్చినా అది మన కంబళే, అతడూ చలికి వణికే మనిషే, రెండూ కాగితం మీద ఉండాలి" అన్నారు. ఆ యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసినందుకు తనకు వచ్చిన పూర్వీ స్టార్ పతకం గురించి మాకు ఆయన ఏనాడూ చెప్పలేదు. చాలా ఏళ్ల తరువాత వారి అమ్మాయి చెబితే తెలిసింది.

సైన్యంలో ఉండగానే ప్రైవేటుగా బి.కాం. పూర్తిచేశారు. విడుదలై వచ్చాక, ముగ్గురు ఆడపిల్లలతో మల్కాజిగిరిలో అద్దె ఇంట్లో ఉంటూ కాస్ట్ అకౌంటెన్సీ పరీక్షలకు కూర్చున్నారు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి చదివేవారట. ఫైనల్ నాలుగో ప్రయత్నంలో గట్టెక్కింది. పరీక్ష తప్పిన ప్రతి విద్యార్థికీ ఆ సంగతి ఆయనే స్వయంగా చెప్పేవారు.

చివరి సంవత్సరం పరీక్షల ముందు మా అయిదుగురిని ఆదివారాలు ఇంటికి పిలిచి పాఠం చెప్పారు. ఒక ఆదివారం, బాకీ నిల్వను ఏడాదికేడాది ముందుకు ఎలా తీసుకువెళ్లాలో చూపడానికి, తమ ఇంటి ఖాతా పుస్తకాన్నే తెరిచి మా ముందు పెట్టారు. రోజూ రాత్రి అమ్మగారు ఖర్చులు చెబుతుంటే ఆయన రాసే పుస్తకం అది. అందులో అమ్మగారి పేర ఒక పేజీ ఉంది: 'పరీక్ష ఫీజు, ఇంటి అద్దె నిమిత్తం అమ్మిన గాజులు రెండు, నాలుగు తులాలు'. డబ్బులో రాయలేదు, బంగారంలోనే రాశారు. ఆ బాకీ ఏడేళ్లపాటు ప్రతి మార్చి 31న కొత్త పుస్తకంలోకి వెళ్లింది. ఎనిమిదో ఏట గాజులు చేయించి, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద ఆమె చేత సంతకం చేయించుకున్నారు. మేము ఆ సంతకం చూస్తుండగా అమ్మగారు ఉప్మా పళ్లేలు తెచ్చి పెడుతూ, "నేను ఇచ్చింది అప్పు కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు బాబూ" అన్నారు. ఆమె చేతులకు ఆ గాజులు ఉన్నాయి. ఇల్లాలి పట్ల ఇంతటి గౌరవాన్ని నేను మరే మగవాడిలోనూ చూడలేదని నిండు మనసుతో రాస్తున్నాను.

తరగతిలో ఆయనకు ఒక నియమం ఉండేది. మొత్తాలు మొదట పెన్సిల్‌తోనే వేయాలి. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడి, మరొకరు కూడా సరిచూసిన తరువాతే ఇంకు. ఒకసారి నా అంకణాలో, అంటే ఖాతాల నిల్వలన్నీ సరిచూసే పట్టికలో, 450 రూపాయల తేడా వచ్చింది. ఇంటికి వెళ్లే తొందరలో దాన్ని తేడా తేలేవరకు ఉంచే అనామతు ఖాతాలో వేసి ఇంకుతో రాసేశాను. ఆయన కోప్పడలేదు. "తొమ్మిదితో భాగించి చూడు" అన్నారు. యాభై వచ్చింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండవచ్చునని చెప్పి, నాతో పాటు తొమ్మిదింటి దాకా కూర్చున్నారు. చివరకు 2,610కి బదులు నేను 2,160 రాసిన పద్దు దొరికింది. ఆ రాత్రి ఆయన ఎక్కవలసిన చివరి బస్సు వెళ్లిపోయింది.

2019లో ఆయనను చివరిసారి చూశాను. అమ్మగారు అప్పటికి లేరు. సార్‌కు చూపు బాగా తగ్గింది. మనవరాలు పక్కన కూర్చుని ఆ నాటి ఖర్చులు రాస్తోంది: పాలు, మందులు, అమ్మగారి పటానికి పూలు. పేజీ నిండాక మొత్తాన్ని నన్ను కూడమన్నారు. నేను పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి కూడి చెప్పాను. మనవరాలు పెన్సిల్ అందుకోబోయింది.

"వద్దమ్మా, అతను కూడాడుగా" అన్నారు సార్. "పెన్ను తీసుకుని రాసెయ్."