ఉప్పునీటి తొట్టెతో ఆరు వారాలు

ఆర్‌ఓ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు కలిపి, వేడిని 25 డిగ్రీల దగ్గర నిలిపాక కూడా, చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లపై కుదురుకునేదాకా ఒక్క చేపనూ వేయకుండా ఆరు వారాలు ఆగడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. మూడో వారంలో రాళ్లను గోధుమరంగు పొర కమ్మేసరికి బెంగపడ్డాను. అది కొత్త తొట్టెల్లో సాధారణంగా వచ్చే డయాటమ్ నాచు, క్రమంగా దానంతటదే తగ్గింది. హైదరాబాద్ ఎండలకు నీరు ఆవిరైనా ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది కనుక, రోజూ ఉప్పు లేని నీటినే చేరుస్తున్నాను. దిబ్బ కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఉండవలసిందే. అందుకే సిరామిక్ రాళ్లనే దిబ్బగా పేర్చాను. హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలను నిన్న సాయంత్రం తొట్టెలో వదిలాను. చిన్నది ఇప్పటికీ రాతి నీడలోనే రెక్కలాడిస్తూ నిలబడి ఉంది.