సరిగ్గా 32 సెకన్లకి తెగిపోయే ఫోను: పర్లాకిమిడి షాపుకి ఇంటర్నెట్ నంబరు పెట్టించిన నా అనుభవం

నిన్న సాయంత్రం టెక్కలి నుంచి వచ్చిన కాల్ 4 నిమిషాల 10 సెకన్లు తెగకుండా నడిచింది. ఇంటర్నెట్ నంబరు (సిమ్ము లేకుండా నెట్ మీద నడిచే ఫోను నంబరు) పెట్టించిన 19 రోజుల్లో అంతసేపు నిలిచిన మొదటి ఇన్‌కమింగ్ కాల్ అదే. ఆ 19 రోజులూ ఇంకెవరికీ వృథా కాకూడదని, వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు షాపు పెట్టుకుని, ఇటు ఒడిశా పార్టీలతోనూ అటు పాతపట్నం, మెళియాపుట్టి పార్టీలతోనూ బేరం చేసేవాళ్లకి ఇది పనికొస్తుంది. మాది వ్యవసాయ మోటార్ల స్పేర్లు, రివైండింగ్. కౌంటరు ఒకచోట, వర్క్‌షాపు వెనకవీధిలో, గోడౌను ఇంకోచోట. ఒక్క నంబరుకి కాల్ వస్తే మూడుచోట్లా మోగాలి. ఒకరు మాట్లాడుతుండగా రెండో పార్టీకి ఎంగేజ్ రాకూడదు. పనిచేసే కుర్రాడు మానేస్తే నంబరు వాడి సిమ్ముతో పోకూడదు. మామూలు సిమ్ముతో ఇవన్నీ కుదరవు.

నంబరిచ్చే కంపెనీని ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. నంబరు ఒడిశా సర్కిల్‌దేనా, ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయి, సిప్ (నెట్ మీద ఫోను కాల్స్‌ని కలిపే పద్ధతి) వివరాలు, అంటే సర్వరు పేరు, యూజరు, పాస్‌వర్డ్, మన చేతికిస్తారా అని అడగాలి. సిప్ వివరాలివ్వకుండా మా యాప్‌లోనే వాడండి అనేవాళ్ల దగ్గర తీసుకోకండి. యాప్ మొరాయించిన రోజు ఇంకో దారి ఉండదు. నేను 4 చానెళ్లు, అంటే ఒకేసారి 4 కాల్స్ నడిచేలా, తీసుకున్నాను. మా కౌంటరుకి 3 చాలేవి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. సిమ్ములు గుచ్చే డబ్బా ఒకటి షాపులో ఓ మూల పెట్టుకోండి, నెలనెలా అద్దె ఇస్తాం అని ఎవరైనా వస్తే గుమ్మం ఎక్కనివ్వకండి. అది సిమ్‌బాక్స్. విదేశాల నుంచి నెట్‌లో వచ్చే కాల్స్‌ని దొంగదారిన లోకల్ కాల్స్‌గా దింపుతుంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద జైలుకి పంపే నేరం. పోలీసులు వచ్చినప్పుడు అద్దె ఇచ్చినవాడు కనిపించడు, షాపువాడే కనిపిస్తాడు.

కాగితాలు: జీఎస్టీ సర్టిఫికెట్, పాన్, ఆధార్, షాపు చిరునామాకి రుజువు, లెటర్‌హెడ్ మీద అధికార పత్రం. మనవాళ్లకి దెబ్బ తగిలేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందుంటుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా విడిపోయి చివరికి పోతుంది. కంప్యూటరుకి వాళ్లు ఇద్దరు మనుషులు. నా దరఖాస్తు ఇందుకే రెండుసార్లు తిరిగొచ్చింది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో 2 సార్లే, దాన్ని ఈ పనికి ఖర్చుపెట్టకండి. రెండు పేర్లూ ఒకరివేనని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం, ముద్ర వేసి పంపితే నాకు సరిపోయింది. ఊరి పేరుతో కూడా జాగ్రత్త. మన ఊరిని ఒక్కో కాగితంలో ఒక్కోలా రాస్తారు, దరఖాస్తులో మాత్రం జీఎస్టీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్ర. పాతపట్నంలో కూడా రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు, నంబరు ఏ రాష్ట్రానిది కావాలో ఆ రాష్ట్రం జీఎస్టీయే జతచేయాలి.

సామాను: కౌంటరులో ఒకటి, వర్క్‌షాపులో ఒకటి ఐపీ ఫోన్లు (నెట్‌కి తగిలించే ఫోన్లు), గోడౌన్‌లో మొబైల్ యాప్. సర్వరు, యూజరు, పాస్‌వర్డ్ గడులు నింపగానే రిజిస్టర్ అయింది. 20 నిమిషాల పని.

కష్టం ఆ తర్వాత మొదలైంది. మేం చేసే కాల్స్ బాగున్నాయి. వచ్చే కాల్ మోగుతుంది, ఎత్తితే మాట రెండువైపులా గంటలా వినిపిస్తుంది, కాసేపటికి టక్కున తెగిపోతుంది. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కి వైండింగు ఎంతవుతుందో చెబుతుండగా తెగుతుంది. పార్టీ మళ్లీ చేస్తాడు, మళ్లీ తెగుతుంది. మూడోసారి చేయడు. కాశీనగర్ పార్టీ ఒకాయన ఏకంగా షాపుకే వచ్చేసి, పదిమంది ఉండగా, “ఏటి బాబూ, మోటారు ఎప్పుడిస్తావని అడుగుతుంటే ఫోను పెట్టేస్తన్నావేటి?” అన్నాడు. 14 ఏళ్ల ఖాతా ఆయనది. నాకు నోట మాట రాలేదు.

నంబరు కంపెనీ హెల్ప్‌లైన్‌కి 11 సార్లు చేశాను. 11 సార్లూ ఒకటే జవాబు: మీ నెట్ స్లో. ఈ మాట నమ్మకండి, లెక్క చూడండి. జీ.711 కోడెక్‌లో (కోడెక్ అంటే మాటని డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కి సెకనుకి పట్టేది అటు 87, ఇటు 87 కిలోబిట్లు. జీ.729లో అయితే 31. నాలుగు చానెళ్లూ ఒకేసారి నడిచినా 350 కిలోబిట్లు. నా ఫైబర్ 50 మెగాబిట్లు. నెట్ నిజంగా చెడితే మాట ముక్కలు ముక్కలవుతుంది, మింగేసినట్టు వినిపిస్తుంది. బాగా వినిపిస్తూ వినిపిస్తూ ఒకేచోట తెగదు. ఫోన్లు అమ్మే కంపెనీలో ఫోను బాగుచేసే కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఇంతమాత్రం తెలియాలి.

స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టాను. 32, 32, 31, 32, 32. ఈ అంకె దొరికితే రోగం దొరికినట్టే.

కాల్ ఎత్తగానే మన ఫోను సర్వరుకి “200 ఓకే” అనే సందేశం పంపుతుంది. అందిందని సర్వరు “ఏసీకే” తిప్పి పంపాలి. అది రాకపోతే మన ఫోను అర సెకను ఆగి మళ్లీ పంపుతుంది, తర్వాత 1 సెకనుకి, 2 సెకన్లకి, ఆపైన 4 సెకన్లకోసారి. అలా 32 సెకన్లు చూసి, అవతల ఎవరూ లేరనుకుని తానే కాల్ ముగించేస్తుంది. సిప్ ప్రమాణంలోనే అలా ఉంది, అర సెకనుకి 64 రెట్లు. ఫోను వెబ్ పేజీలో సిప్ లాగ్ (సందేశాల చిట్టా) ఆన్ చేసి చూశాను. ఒకే కాల్‌లో 200 ఓకే 11 సార్లు వరసగా ఉంది, ఏసీకే ఒక్కటీ లేదు. మాట వెళ్లే దారి వేరు, ఈ సందేశాలు వెళ్లే దారి వేరు, అందుకే మాట శుభ్రంగా ఉండగానే కాల్ పోతుంది. ఇదే రోగానికి ఇంకో గుర్తుంది: మనం చేసిన కాల్‌ని అవతలివాళ్లు పెట్టేసినా మన ఫోను లైనులోనే ఉండిపోతుంది.

ఏసీకే ఎటు పోయింది? 200 ఓకేలో “కాంటాక్ట్” అని ఒక వరుస ఉంటుంది. నాకు జవాబు ఈ చిరునామాకి పంపండి అని. మా ఫోను లాగ్‌లో అక్కడ 192.168.0.23 ఉంది, అంటే షాపు లోపలి చిరునామా. పన్నెండోసారి చేసినప్పుడు ఓపికున్న ఇంజినీరు ఒకాయన దొరికి, తమ సర్వరు వైపు లాగ్ పంపాడు. అందులో అదే వరుసలో 100.72తో మొదలయ్యే చిరునామా ఉంది. అంటే దారిలో ఎవరో మార్చారు. 192.168 అయితే అది లోపలి చిరునామా అని సర్వరుకి తెలుసు, దాన్ని పక్కనపెట్టి సందేశం నిజంగా ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే జవాబు పంపుతుంది. 100.64 నుంచి 100.127 దాకా ఉండేవి నెట్ కంపెనీలు చాలామంది కస్టమర్లకి కలిపి వాడే చిరునామాలు. నంబరు కంపెనీ సర్వరు దాన్ని అసలైనదే అనుకుని ఏసీకేని అటు పంపింది. అది ఎవరికీ చేరలేదు.

మార్చింది “సిప్ ఏఎల్‌జీ”. సాయం చేస్తానని రౌటర్లలో పెట్టే సదుపాయం ఇది. ఇప్పటి సర్వర్లకి దాని అవసరం లేదు, చాలాసార్లు చెడగొట్టేది అదే. నా రౌటర్‌లో టిక్కు తీసేసి రీబూట్ చేశాను. ఏమీ మారలేదు. ఎందుకంటే నా రౌటరు కంటే ముందు గోడ మీద నెట్ కంపెనీ ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ వైరు వచ్చి చేరే డబ్బా) ఉంది, దానిలోనూ అదే ఏఎల్‌జీ ఉంది. మన లాగిన్‌కి ఆ పేజీ కనిపించదు. ఏఎల్‌జీ తీసేయండి, లేదా డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (తాను వేలుపెట్టకుండా నెట్‌ని నేరుగా రౌటరుకి దాటించేలా) పెట్టండి అని వాళ్ల ఆఫీసు చుట్టూ 9 రోజులు తిరిగాను. లైన్‌మన్ వస్తాడన్నారు. వచ్చినాయన స్పీడ్ టెస్ట్ చేసి చూపించి వెళ్లిపోయాడు. నెలనెలా బిల్లు కట్టేవాడి మాట వినడానికి ఆ ఆఫీసులో ఒక్కరికీ తీరిక లేకపోయింది. డబ్బు తీసుకుని చేసే పనిలో ఇంత నిర్లక్ష్యం తప్పు, ఎంత చిన్న ఊరి కస్టమరైనా సరే.

చివరికి వాళ్లతో పని లేకుండానే కుదిరింది. సందేశాన్ని చదవగలిగితేనే ఏఎల్‌జీ మార్చగలదు. దాన్ని చదవనివ్వకుండా చేస్తే చాలు. సిప్ మామూలుగా 5060 పోర్టులో యూడీపీ మీద బాహాటంగా నడుస్తుంది. దాన్ని 5061 పోర్టులో టీఎల్‌ఎస్‌కి, అంటే దారిలో ఎవరూ చదవలేని గుప్త పద్ధతికి, మార్చాలి. ఫోను సెట్టింగుల్లో ట్రాన్స్‌పోర్ట్ టీఎల్‌ఎస్, పోర్టు 5061, కీప్‌అలైవ్ (లైను తెరిచి ఉంచే పలకరింపు) 30 సెకన్లు. మీ నంబరు కంపెనీ టీఎల్‌ఎస్ ఇస్తుందో లేదో ముందు అడగండి. మాది ఇస్తుందని 18వ రోజుకి తెలిసింది! కౌంటరు ఫోను 3 నిమిషాల్లో అయిపోయింది. వర్క్‌షాపు ఫోను మాత్రం రిజిస్టర్ కానంది. చూస్తే దాని తెరమీద తేదీ 2018 జనవరి 1 అని ఉంది. తేదీ తప్పయితే సర్టిఫికెట్ చెల్లదంటుంది. టైమ్ సర్వరు గడిలో చిరునామా నింపాక అదీ ఎక్కింది.

ఈ విషయంలో నాకు గర్వంగానే ఉంది. బరంపురంలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఇదే రోగమని తెలిసి, ఈ ఉదయం ఫోనులోనే చెప్పి సరిచేయించాను.

మిగతావి చిన్న పనులు. ల్యాండ్‌లైన్ తరహా నంబరు నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 కొట్టాలి, 2021 జనవరి 15 నుంచి అదే నియమం. ఫోను సెట్టింగుల్లోని డయల్ ప్లాన్‌లో 0 తనంతట తానే చేరేలా పెట్టేశాను. ఒడియాకి 1, తెలుగుకి 2 అని పలికే గొంతుని 10 సెకన్లలోపే ఉంచండి. రైతు పొలంలో నిలబడి వింటాడు, పొడుగు స్వాగతాలు వినడు. ఆ ఆడియో ఫైలు 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో ఉండాలి. నొక్కిన అంకె పట్టుకోకపోతే డీటీఎంఎఫ్‌ని (నొక్కిన అంకెలని పంపే పద్ధతిని) ఇన్‌బ్యాండ్ (మాటతో కలిపి పంపడం) నుంచి ఆర్‌ఎఫ్‌సీ 2833కి (విడి సందేశంగా పంపడానికి) మార్చండి. జీ.729లో ఇన్‌బ్యాండ్ అంకెలు నలిగిపోతాయి.

ఈ నంబరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టొచ్చు. ఎస్ఎంఎస్ రాదు కాబట్టి “కాల్ మీ” నొక్కాలి. దానికి ముందు మన స్వాగతం గొంతుని ఆపేసి కాల్ నేరుగా కౌంటరుకి మోగేలా పెట్టండి. లేకపోతే వాట్సాప్ యంత్రం మన యంత్రానికి కోడు చదివి పెట్టేస్తుంది.

గోడౌన్ మొబైల్‌లో యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి, తెర ఆరిపోయాక కూడా మోగుతుంది.

కరెంటు సంగతి మరవకండి. ఓఎన్‌టీ, రౌటరు, ఐపీ ఫోను, ఈ మూడింటిలో ఏది ఆరిపోయినా నంబరు మూగబోతుంది. అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదివి దానికి తగ్గ మినీ యూపీఎస్ కొనండి. మా ఓఎన్‌టీ, రౌటరు రెండూ 12 వోల్టులే, ఐపీ ఫోను మాత్రం 5. తొందరలో పిన్నులు తారుమారు చేస్తే ఫోను కాలిపోతుంది. నేను ఒక్కో వైరుకి రంగు టేపు చుట్టి, అదే రంగు డబ్బా వెనక కూడా అంటించాను.

షాపు బోర్డు మీద పాత నంబరు ఇంకా చెరపలేదు. నెల రోజులు దాన్ని కొత్తదానికి ఫార్వర్డ్‌లో ఉంచి, ఆ తర్వాత పెయింటర్‌ని పిలుస్తాను.