వాల్వు లక్షణమట!

గిటార్ ఆంప్లిఫయరు చూద్దామని వెళ్ళిన దుకాణంలో కుర్రవాడు అన్న మాట ఇంకా మింగుడు పడడం లేదు. వాల్వులతో, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో, పనిచేసే ఆ ఆంప్లిఫయరులోంచి, నేను గిటార్ మీద వాయిస్తున్న స్వరంతో సంబంధం లేకుండా, సన్నగా ఖంగుమనే మోత ఒకటి వస్తోందని నేనంటే, "అది వాల్వు లక్షణం మేడమ్, వింటేజ్ క్యారెక్టర్" అని నవ్వి ఊరుకున్నాడు. వాల్వుల గురించి నాకు చెప్పడానికి వచ్చాడు!

నేను కొందామనుకుంటున్నది చిన్న కాంబోయే, అంటే ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండేది. ముందు దశలో ఈసీసీ83 అనే వాల్వు ఒకటి, చివర ఈఎల్84 అనే వాల్వు ఒకటి, పది అంగుళాల స్పీకరు, ఐదు వాట్లు, పైన వాల్యూమ్, టోన్ అని రెండు నాబులు, అంతకు మించి ఏమీ లేవు. స్విచ్ వేశాక ఫిలమెంట్లు వేడెక్కేదాకా కాసేపు ఆగాలి గదా, ఆ కుర్రవాడు ఆగలేదు. చప్పుడు రావడం లేదని కేబుల్ పీకి ఇంకో కేబుల్ పెట్టాడు, దాన్నీ పీకబోతుండగా ఆంప్ దానంతట అదే పలికింది. కేబుల్ మార్చినందువల్లే పలికిందని అతను ఇప్పటికీ నమ్ముతూ ఉంటాడు.

ఆ మోత ఏమిటో నాకు పెదనాన్న కొట్టులోనే తెలుసు. వేసవి సెలవులకు భీమవరం వెళ్ళినప్పుడల్లా ఆయన రేడియో మరమ్మతు బల్ల పక్కనే నా మకాం. వెనక అట్ట ఊడదీసిన రేడియోను మోగిస్తూ, పెన్సిలు వెనక వైపుతో ఒక్కొక్క వాల్వునూ మెల్లగా తట్టేవాడు. మంచి వాల్వయితే స్పీకరులో పెద్దగా ఏమీ వినిపించేది కాదు. చెడినదయితే ఆ చిన్న దెబ్బకే స్పీకరు ఠంగుమనేది. "ఇది మైకయిపోయిందమ్మాయ్, పక్కన పెట్టు" అనేవాడు, అంటే మైకులాగా తన అదురునే చప్పుడుగా మారుస్తోందని. వాల్వు లోపల కాథోడు, గ్రిడ్, ప్లేటు అనే లోహపు భాగాల నడుమ ఉండే సందులు చాలా సన్ననివి. ఏ తీగ అయినా కాస్త వదులై అదిరిందంటే ఆ సందు మారుతుంది, సందుతో పాటు కరెంటూ మారుతుంది, చివరికి అదే చప్పుడై బయటికి వస్తుంది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళ వాల్వుల అట్టపెట్టెలు బల్ల కింద వరుసగా ఉండేవి, వాటిలో ఈఎల్84 కూడా ఉండేది. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ వాడిన వాక్స్ ఏసీ30 ఆంప్ చివరి దశలో ఉండే నాలుగూ ఆ రకం వాల్వులేనని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. తెలిసి ఉంటే పెదనాన్నకు చెప్పేదాన్ని, ఆయనేమో బీటిల్స్ ఎవరని అడిగేవాడు.

రేడియో మోగుతుండగా లోపల చెయ్యి పెట్టవలసి వస్తే ఆయన ఎడమ చేతిని దూరంగా ఉంచుకునేవాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని, అందుకే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని ఆయనకు పని నేర్పినవారు చెప్పారట. పంచెకు జేబు ఉండదు కనుక ఈయన ఆ చేతిని నడుము వెనక కట్టుకునేవాడు. ప్లేటు మీద రెండు వందల యాభై వోల్టులు ఉంటుందని, స్విచ్ ఆపినా విద్యుత్తును దాచుకునే కండెన్సరులో అది కొంతసేపు నిలిచే ఉంటుందని నేను బడి పాఠం కన్నా ముందు అక్కడే విన్నాను.

ఇంతదాకా రాశాక మాత్రం ఆ కుర్రవాడు చెప్పినదంతా అబద్ధమనడానికి లేదనిపిస్తోంది. రేడియో కన్నా గిటార్ ఆంప్ బతుకు కష్టమైనది. కాంబోలో స్పీకరూ వాల్వులూ ఒకే పెట్టెలో ఉంటాయి కనుక వాయించినంతసేపూ వాల్వులు అదురుతూనే ఉంటాయి, పైగా మొదటి దశలో పుట్టిన రవ్వంత చప్పుడును కూడా తరువాతి దశలన్నీ పెంచుకుంటూ పోతాయి. తడితే ఎంతో కొంత పలకని ఈసీసీ83 ఉండదు. అయినా తడితే పలకడం వేరు, గిటార్ నాలుగో తీగ మీద ఒక స్వరం మీటగానే తనంత తాను మోగడం వేరు. కొంత నిజమున్న మాటను గొప్పతనంగా అంటగట్టడమే నాకు ఒళ్ళు మండించింది. సాకెట్టులోంచి లాగి ఇంకొకటి గుచ్చితే తీరిపోయే దానికి ఇంత కథ ఎందుకు?

ఇక రెండో సంగతి. ఐదు వాట్లే కనుక ఇంట్లో వాయించుకోవడానికి సరిగ్గా సరిపోతుందని అతను పదే పదే అన్నాడు. యాభై వాట్ల ఆంప్ దీనికి పది రెట్ల శక్తిదయినా చెవికి ఇంచుమించు రెట్టింపు గట్టిగా మాత్రమే వినిపిస్తుంది, అంటే ఈ ఐదు వాట్లు దానిలో సగం మోత అన్నమాట. ఈఎల్84 కొద్దికొద్దిగా గరగరలాడడం మొదలయ్యేది వాల్యూమ్ సగం దాటాకనే, ఆ వాల్వు రుచి ఉన్నదీ అక్కడే. నేను నాబును ఆ వైపు తిప్పబోతే "పక్క షాపు వాళ్ళు గొడవ చేస్తారు మేడమ్" అని ఆపేశాడు. బజారులోనే పనికిరాని మోత మా అపార్టుమెంటులో, అదీ పై అంతస్తువారి కింద, ఎలా పనికొస్తుందో అతనే చెప్పాలి.

అతను ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్ళినప్పుడు మాత్రం నాబును సగం దాటించాను. గిటార్ మీది వాల్యూమ్ తగ్గిస్తే స్వరం శుభ్రంగా తేలిపోయింది, పెంచి గట్టిగా మీటితే గుర్రుమంది. మెత్తగా మీటినప్పుడు మళ్ళీ నెమ్మదించింది. ఇంట్లో ఉన్న నా ప్రాసెసరులో, అంటే గిటార్ స్వరాన్ని మార్చే డిజిటల్ పెట్టెలో, ఆ మార్పు కోసం కాలితో మీట నొక్కాలి, ఇక్కడ వేలి బరువు చాలింది.

శనివారం మళ్ళీ వెళతాను. నా ఎదుటే వేరే ఈసీసీ83 పెట్టి చూపించమంటాను. మోత పోతే బేరం మాట్లాడతాను, పెట్టనంటే ఆ దుకాణంలో కొనను. దాని ధర ఎంతో ఇంట్లో ఇంకా చెప్పలేదు కనుక, ఇది చదివిన మా మరిది ముందుగా ఫోను చేసి మా ఆయనకు చెప్పకూడదని మనవి.